తర్వాత వచ్చేవాడికి నచ్చే వంటగది

సీతారామరావు వంటగదిలోకి వచ్చి గోడకేసి చూస్తూ నిలబడినప్పుడే కస్తూరమ్మకు అనుమానం వచ్చింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన వంటగదిలో అడుగుపెడితే మంచినీళ్ల కోసం, లేదా పోపు మాడిన వాసన వస్తే ఏమైందని అడగడానికి. అలాంటి మనిషి టేపు పట్టుకొచ్చి, సింకు దగ్గర నుంచి కిటికీ దాకా కొలిచి, "తెలుపేత్తే బాగుంటాది" అన్నాడు. ఎవరికి బాగుంటుందో చెప్పలేదు. చెప్పకుండానే టేపు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

నిజం చెప్పాలంటే, అనుమానపడటానికి కస్తూరమ్మకు పెద్ద పెద్ద కారణాలు అక్కర్లేదు. జంషెడ్‌పూర్ పక్కనున్న గోవింద్‌పూర్ బజారులో ఆమె సంచీ కనబడగానే చేపలమ్మే ఆడవాళ్లు తక్కెడలో ఒక చిన్న చేప ముందే ఎక్కువ పడేస్తారు. ఆ తర్వాత జరగబోయే విచారణ కంటే అదే నయమని వాళ్లకు తెలుసు. గ్యాసు బండ తెచ్చినవాడి ఎదుటే దాన్ని ఊపి చూస్తుంది. కూతురు స్మితకు పెళ్లిచూపులయిన రోజున పెళ్లికొడుకు నవ్వకపోతే గర్వమేమోనంది, నవ్వాక తేలిక మనిషేమోనంది, ఇంటిల్లిపాదినీ తినేసింది. మనిషి చెడ్డది కాదు. దేన్నైనా నమ్మే ముందు ఓసారి గోటితో గీకి చూస్తుంది, అంతే.

ఆమె తండ్రి సోంపేట దగ్గర పల్లె నుంచి జంషెడ్‌పూర్ వచ్చి ఉక్కు కంపెనీలో కొలిమి దగ్గర పనికి కుదిరాడు. కస్తూరమ్మ పుట్టింది కద్మాలో, కంపెనీ క్వార్టర్లో. సీతారామరావు పుట్టిందీ క్వార్టర్లోనే. పెళ్లయ్యాక ఒక క్వార్టరు, ఆయన గ్రేడు పెరిగాక ఇంకొక క్వార్టరు, తర్వాత మరొకటి. ఏ వంటగదిలోనూ గట్టు ఆమెకు అందేది కాదు. కస్తూరమ్మ పొట్టి మనిషి. చెక్క పీట వేసుకుని, దాని మీద నిలబడి వండేది. ఏ షిఫ్టు పడితే ఆ షిఫ్టుకు తగ్గట్టు పీట ఎక్కి దిగి, దిగి ఎక్కి, ఆయనకు క్యారేజీ కట్టింది. పీట మీద ఉన్న సంగతి మరిచి అడుగు పక్కకు వేసి ఎన్నిసార్లు పడబోయిందో ఆమెకే లెక్కలేదు. ఒకసారి పడింది కూడా, వేడి గంజితో సహా.

ఆయన రిటైరయ్యాక గోవింద్‌పూర్‌లో ఈ పాత ఇల్లు కొన్నారు. వంటగది మాత్రం ముందున్నవాళ్లదే. వాళ్ల ఇంటావిడ పొడగరి కాబోలు, పీట ఇక్కడికీ వచ్చింది. ఈ వానాకాలం సింకు కింద గోడ చెమ్మెక్కి, గట్టు మీది నల్లరాయి నిలువునా పగిలింది. మొత్తం తీసేసి కొత్తగా కట్టించాలని ఇద్దరూ అనుకున్న రోజున కస్తూరమ్మ లోలోపల పొంగిపోయింది.

ఆమె మనసులో ఒక వంటగది ఎప్పటి నుంచో ఉంది. గట్టు తన ఎత్తుకే ఉండాలి. కిటికీ పక్కన నేల మీద కూర్చుని చేపలు కోసుకోవడానికి, సన్నికల్లు పెట్టుకోవడానికి చోటుండాలి. గచ్చు ఎర్రగా, గోడకు చింతచిగురు రంగు పలకలు. ఇత్తడి సామాను తలుపుల వెనక దాగకుండా ఎదురుగా మెరుస్తూ ఉండాలి. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరో ఒకరు వంక పెడతారని ఆమె అనుమానం.

వంకలు అడక్కుండానే వచ్చాయి. సీతారామరావు ఒక్కొక్కటే తేల్చేశాడు. గోడకు తెల్ల పలకలు. అరలన్నిటికీ బూడిదరంగు తలుపులు. పొయ్యి మీద చిమ్నీ. గట్టు అందరిళ్లలో ఎంతుంటే అంత. కిటికీ కింద కూర్చునే చోటు గురించి ఆమె నోరు తెరిస్తే, "ఇప్పుడు కింద కూకుని కోసేవోళ్లు ఎవులున్నారు" అన్నాడు. ఎదురుగా ఉన్నది ఆమే. ఆ సంగతి ఆయనకు తట్టలేదు.

"మన రుచి మనకి గాని, రేపు వచ్చేవోడికి నచ్చాలి గదా" అని కూడా అన్నాడు.

రేపు వచ్చేవాడెవడు? ఆ మాట కస్తూరమ్మ చెవిలో దూరి అక్కడే కాపురం పెట్టింది. అన్నం వారుస్తున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే. వాళ్లకెవరూ రావలసినవాళ్లు లేరు. కూతురికి కద్మాలో సొంత ఫ్లాటుంది. మరి వచ్చేవాడెవడు?

రెండ్రోజులు పోయాక పైడిబాబు వచ్చాడు. ట్రక్కుల ఫ్యాక్టరీలో సీతారామరావు పక్కనే పనిచేసినవాడు. ఇప్పుడు ఇళ్లు అమ్మించి పెట్టడమే ఆయన పని. ఈ వీధిలోనే రెండిళ్లు ఆయన చేతి మీదుగా మారాయి. అలాంటివాడు వచ్చి హాల్లో కూర్చోక తిన్నగా వంటగదిలో నిలబడ్డాడు. గోడ మీద వేళ్లతో కొట్టి చూశాడు.

"అన్నయ్య సెప్పింది రైటే వదినా. ఎర్రగచ్చు, పచ్చ టైల్సు అంటే పార్టీ గుమ్మంలోంచే ఎనక్కెళిపోతాది. తెలుపైతే బీహారీ వచ్చినా, బెంగాలీ వచ్చినా, మార్వాడీ వచ్చినా పేచీ లేదు."

పార్టీ అంటే కొనేవాడని జంషెడ్‌పూర్‌లో పసిపిల్లకు కూడా తెలుసు. ఎర్రగచ్చు, పచ్చ పలకల మాట ఈయనదాకా ఎలా వెళ్లిందో కస్తూరమ్మకు అర్థం కాలేదు. ఎవరికీ చెప్పలేదనుకుంది గాని, మొన్న పలకల షాపులో ఎర్రగచ్చు ముక్క దగ్గర ఆగింది, పచ్చ పలక మీద చెయ్యి వేసి చాలాసేపు తియ్యలేదు. సీతారామరావు చూశాడన్నమాట. చూసి, భార్యకు కావలసిందేమిటో గ్రహించి, అది వద్దని బ్రోకరు చేత చెప్పిస్తున్నాడు. ఆమె పైడిబాబు టీలో చక్కెర వెయ్యలేదు. ఆయన తాగేసి బాగుందన్నాడు. అబద్ధాలాడే మనిషని అప్పుడు ఖాయం చేసుకుంది.

ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ మొగుణ్ణి కదిపి చూసింది.

"ఈ ఇల్లు మనకి పెద్దదైపోయిందేటండీ?"

"ఎందుకూ, బాగానే ఉంది గదా" అన్నాడాయన.

ఆలోచించకుండా అన్నాడు. అంటే జవాబు ముందే సిద్ధం చేసుకున్నాడని ఆమె లెక్క. ఆలోచించి అని ఉంటే, దాస్తున్నాడు కాబట్టి ఆలోచించాడనేది. మర్నాడు ఆయన మాంగో పేట బజారుకు వెళ్లినప్పుడు ఇంటి కాగితాలు బీరువాలోంచి తీసి, సంచీలో చుట్టి, బియ్యం డబ్బా అడుగున పెట్టింది. ఆయన వారం రోజులైనా బీరువా వైపు వెళ్లలేదు. ఆమెకు అదీ నచ్చలేదు. ఈపాటికే జిరాక్సు తీయించి ఉంటాడు.

ఆఖరికి స్మితకు ఫోను చేసింది. ఆ పిల్లకు తెలుగు వచ్చు గాని, తల్లి తెలుగులో అడిగితే హిందీలో జవాబివ్వడం చిన్నప్పటి నుంచీ అలవాటు.

"మీ నాన్న అన్నీ తెలుపంటన్నారే. ఏటిదంతా?"

"వైట్ హీ కర్వావో మమ్మీ. రీసేల్ కే లియే అచ్ఛా హోతా హై."

రీసేల్! మళ్లీ అమ్మడానికి తెలుపే మంచిదట. కస్తూరమ్మకు అంత ఇంగ్లీషు వచ్చు. ఫోను పెట్టేసి స్టూలు మీద కూలబడింది. అంటే కూతురికీ తెలుసు. తండ్రీకూతుళ్లు మాట్లాడుకున్నారు. ఇల్లు అమ్ముతారు, తనను తీసుకెళ్లి కద్మా ఫ్లాటులో పెడతారు. అక్కడ కూతురి వంటగది, కూతురు పెట్టుకున్న డబ్బాలు, కూతురి అత్తగారు వచ్చినప్పుడు ఆవిడ పద్ధతి. తన పీట మళ్లీ ఒక మూల. ఆమెకు ఏడుపు వచ్చింది. ఇన్నేళ్లకు తనదని చెప్పుకోవడానికి ఒక వంటగది దొరికింది, తన ఎత్తున ఒక్క పూటైనా నిలబడి వండక ముందే అదీ పోతోంది. ఏడవడం అయ్యాక కోపం వచ్చింది. కోపం వచ్చాక ఆమె పనిమంతురాలు.

మర్నాడు పొద్దున్న పింటూ రావాలి. మాంగోలో కిచెన్లు చేసే షాపు అతనిది. వచ్చి ఆఖరి కొలతలు తీసుకుంటే ఇక మార్చడానికి ఉండదు. అతను రాకముందే కస్తూరమ్మ సుత్తి తీసింది. ఈ ఇంటికొచ్చాక సీతారామరావు గోడకు ఒక్క మేకు కొట్టనివ్వలేదు. క్యాలెండరు కిటికీ ఊచకు కట్టి ఉంది, పెళ్లి ఫోటో బీరువాకు ఆనించి ఉంది. ఇల్లు ఎవడికో అప్పగించడానికే ఆ జాగ్రత్తంతా అని ఇప్పుడామెకు తేటతెల్లమయింది. పీట ఎక్కి, హాలు గోడ నడిమధ్య మేకు ఆనించి బలంగా ఒక్క దెబ్బ వేసింది. సున్నం పెచ్చు ఊడి పడింది.

సీతారామరావు సగం గీసిన గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏటి సేత్తన్నావు? ఖాళీ సేసినప్పుడు ఆ కన్నానికి జవాబు ఎవులు సెప్తారు?"

"ఎవులికి సెప్పాలి?" అంది కస్తూరమ్మ, సుత్తి దించకుండా.

ఆయన పెచ్చు ఊడిన చోటు వేలితో తడిమాడు.

"నేనూ అదే అడుగుతన్నాను. ఇల్లు ఎవులికి అమ్మేత్తన్నారు? ఆ పార్టీ ఎవులు?"

"పార్టీ ఏటి, అమ్మడమేటి?" అని ఆయన కుర్చీలో కూర్చున్నాడు. మొహం మీద సబ్బు నురగ అలాగే ఉంది. "ఆ పైడిబాబు నోటికి పార్టీ తప్ప ఇంకో మాట రాదు. నాలుగిళ్లు సూసినోడు గదాని రంగు అడిగాను. స్మితకి ఫోన్లో ఏది కనిపిత్తే అదే సెప్తాది."

"మరి రేపు వచ్చేవోడు ఎవులు?"

ఈసారి ఆయన ఆలోచించాడు. గోడలోని మేకునే చూస్తూ, ఎప్పుడూ చెప్పని సంగతి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు తల్లి క్వార్టరు వంటింట్లో రోలు నేలలో పాతించుకుంది. తండ్రి రిటైరై ఖాళీ చేసే ముందు ఆ రోలు పెకలించి సిమెంటు పూడ్చాడు. అప్పగింతకు వచ్చిన కంపెనీ ఆయన కుళాయిలు తిప్పి చూసి, గోడలు చూసి, ఆ మచ్చ దగ్గర ఆగి చెప్పుతో రుద్దాడు. ఏమీ అనలేదు. కాని తండ్రి మాత్రం చేతులు కట్టుకుని, తప్పయిపోయిందని రెండుసార్లు అన్నాడట. తల్లి గుమ్మం బయట నిలబడి విన్నదట.

"అప్పట్నించి ఏ ఇంట్లో ఉన్నా నాకు అదే బుద్ధి. ఎనకాల వచ్చేవోడు ఏటంటాడో అని."

కస్తూరమ్మ ఆయన మొహాన్ని చేపను చూసినట్టు అటూ ఇటూ చూసింది. ఎక్కడా కుళ్లు కనబడలేదు. పుట్టినప్పటి నుంచి తానూ ఆ క్వార్టర్లలోనే ఉండి, గోడకు వేలాడే ఒక్క దేవుడి పటం లేకుండా బతికి, ఈ సంగతి ఊహించలేకపోయినందుకు ఆమెకే సిగ్గేసింది. ఆ సిగ్గు బయటపడకుండా, "గెడ్డం కడుక్కోండి" అంది.

"మరి ఆ కాగితాలు" అన్నాడాయన లేస్తూ, "బియ్యంలోంచి తీసెయ్యి. పురుగు పడతాది."

పింటూ వచ్చేసరికి ఇద్దరూ వంటగదిలో ఉన్నారు. గోడకు ఏ రంగు కావాలో కస్తూరమ్మ చెప్పింది. ఎర్రగచ్చు చెప్పింది, కిటికీ కింద చోటు చెప్పింది. సీతారామరావు అడ్డు రాలేదు. గట్టు దగ్గరకొచ్చేసరికి పింటూ ఆమెను నిటారుగా నిలబడమని, చెయ్యి మోచేతి దగ్గర మడవమని చెప్పి, అక్కడి నుంచి నేల దాకా టేపు వదిలాడు. అంకె చూసి తల గీరుకున్నాడు.

"ఇత్నా నీచా, ఆంటీ? బాద్ మే జో లేగా, ఉస్‌కో తో తోడ్నా పడేగా."

తర్వాత ఇల్లు తీసుకునేవాడు దీన్ని పగలగొట్టుకోవాల్సి వస్తుందని అతని బాధ. కస్తూరమ్మ చప్పున మొగుడికేసి చూసింది. ఎంత చెప్పినా పాత బుద్ధి ఎక్కడికి పోతుంది, ఇప్పుడు మళ్లీ మొదలెడతాడనుకుంది. సీతారామరావు పగిలిన నల్లరాతి మీద అరచెయ్యి ఆనించాడు.

"తోడ్నే దో" అన్నాడు పింటూతో, పగలగొట్టుకోనివ్వమని. తర్వాత ఆమె వైపు తిరిగి, మామూలుగానే అన్నాడు. "అప్పటికి మనం ఉండం గదా."

కస్తూరమ్మ మడిచిన చెయ్యి దించకుండానే పింటూకేసి తిరిగి, గుర్తు పెట్టమని రెండో చేత్తో గోడ మీద ఆ ఎత్తు చూపించి, "నిశాన్ లగావో" అంది.