ముగ్గురాయి, నాలుగు నక్షత్రాలు

2018 జూలై 12, ఉదయం 10:40. కడపకు సుమారు ఎనభై కిలోమీటర్ల దూరంలోని మంగంపేట ముగ్గురాయి గనికి డిగ్రీ విద్యార్థులతో చేరుకున్నాం. నేనప్పుడు కడపలో భౌతికశాస్త్ర ఆచార్యుణ్ణి. నా పర్యవేక్షణలో నక్షత్ర గుచ్ఛాలపై పరిశోధన చేస్తున్న రూతు కూడా వెంట వచ్చింది. ఆదోని వైపు పల్లె ఆమెది. సిద్ధాంత గ్రంథం సమర్పణకు ఇంకా పంతొమ్మిది రోజులే గడువు.

ఒక గుచ్ఛంలోని నక్షత్రాలన్నీ ఒకే వాయుమేఘం నుంచి, ఒకే కాలంలో పుడతాయి. వాటి వయసు తెలుసు కనుక, వాటిలోని మూలకాలను కొలిస్తే ఆనాటి గెలాక్సీ రసాయన స్థితి తెలుస్తుంది. ఒక గుచ్ఛంలో బేరియం సూర్యుడిలో కంటే మూడు రెట్లుందని రూతు తేల్చింది. ఐదో అధ్యాయమంతా అదే.

గనిలో నమూనాలు తీసే ఖాజా భాయ్‌తో ఆమె ఆ మాటే ఉత్సాహంగా చెప్పింది. ముగ్గురాయి బేరియం ఖనిజమే.

"చుక్కల్లో గూడా ఉండాదా? ఈడ మేం తినే దుమ్ము చాల్లేదా ఏందిమ్మా!" అని నవ్వి, ఎన్ని చుక్కలు చూశారని అడిగాడు.

"నాలుగు, భాయ్. మూడు మసక. ఒకటి శానా బాగా కనపడ్తాది. దానికే ఎక్కువ విలువ ఇచ్చి సగటు కట్టినా."

"తెల్లగా మెరిసే రాయి చూసి కుప్పకంతా గ్రేడు రాస్తివా? మా తావ అట్ల రాస్తే చీటీ చించి మొగానేస్తారు!"

రూతు వెంటనే ఆ నాలుగు నక్షత్రాల అంకెలు మళ్లీ తీసింది. ఆ సగటును ఆమోదించి సంతకం చేసింది నేనే. మసక నక్షత్రాలు మూడూ సూర్యుడి స్థాయే చూపుతున్నా, అది వర్ణపటంలోని రొద, అంటే కొలతలోని అస్పష్టత, వల్లనని కొట్టిపారేశాం.

కడపకు తిరిగొచ్చాక, వేరే సంవత్సరంలో తీసిన వర్ణపటం తెప్పించి, బాగా కనిపించే ఆ నాలుగో నక్షత్రం వేగం మళ్లీ కొలిచాం. పాత కొలతకూ దీనికీ సెకనుకు ఆరు కిలోమీటర్ల తేడా వచ్చింది. అంటే దాన్ని అటూ ఇటూ లాగుతున్న, కనిపించని తోడు నక్షత్రం ఉంది. ముసలిదైన ఆ తోడు విసిరిన పదార్థంతోనే బేరియం పెరిగింది. ఆ బేరియం నక్షత్రం పుట్టిన మేఘానిది కాదు.

"ఐదో అధ్యాయం పోతాది గదా సార్," అంది రూతు. పోతుందన్నాను. కంప్యూటరు నుంచి ఆ ఫైలును తనే తీసేసింది.

స్పష్టంగా కనిపించేది గుంపుకంతా ప్రతినిధి కానక్కరలేదు. దీన్ని నేను ఇరవై ఆరేళ్లు పాఠంగా చెప్పాను. పాటించింది మాత్రం ఖాజా భాయ్.

పోయినవి: నలభై రెండు పేజీలు, పత్రికకు పంపిన ఒక వ్యాసం, రూతు ఎనిమిది నెలల శ్రమ. లెక్కలో మిగిలినవి మూడు మసక నక్షత్రాలు.