ఆయన కిడ్నీల లెక్క

కరోనా రెండో ఏడు మా ఆయన పేగులో పుట్టిన క్యాన్సర్ గడ్డలు కాలేయానికి పాకాయని తేలింది. పని వెతుక్కుంటూ వలసొచ్చిన ఈ పరాయి రాష్ట్రపు ఊళ్లో, ఆయన ఉధ్నా పేటలో మరమగ్గాల మేస్త్రీ. నేను తెలుగు మీడియం పిల్లలకు టీచర్ని. బడి మూతపడటంతో డిండోలిలోని మా ఇంటి వంటగదిలో కూర్చుని ఫోన్లో పాఠాలు చెప్పేదాన్ని. ఆపరేషన్ చేసే దశ దాటిపోయిందని డాక్టరు అన్నాడు. లుటీషియం అనే రేడియోధార్మిక మందు నరంలోకి ఎక్కిస్తే, అది గడ్డలను వెతుక్కుంటూ పోయి లోపలి నుంచే మాడుస్తుందట. రెండేసి నెలల ఎడంతో నాలుగుసార్లు ఎక్కించాలన్నాడు.

ఆస్పత్రిలోకి తోడు మనుషులను రానివ్వలేదు. గేటు దగ్గరే నా చేతిలోని సంచి అందుకుని ఆయన లోపలికి వెళ్లిపోయేవాడు. ఇంటికొచ్చాక కూడా ఒంట్లోంచి కొన్నాళ్లు రేడియేషన్ వస్తుంది, దూరంగా ఉండమన్నారు. పళ్లెం ఆయన గది గడప దగ్గర పెట్టి వెనక్కి జరిగేదాన్ని.

అలాంటి మనిషి దగ్గరికి వెళ్లగలిగే ఆడమనిషి ఒకతి ఉండేది. వరంగల్ వైపు అమ్మాయి, ఆ ఆస్పత్రిలో మెడికల్ ఫిజిసిస్టు. మందు ఎక్కించిన మర్నాడు, ఆ తర్వాత ఇంకొన్ని రోజులు ఆయనను స్కానింగు కెమెరా కింద పడుకోబెట్టేది. మందు ఏ అవయవంలో ఎంత చేరింది, ఎన్నాళ్లు నిలిచిందో చూసి, గడ్డలకెంత రేడియేషన్ తగిలింది, కిడ్నీలకెంత తగిలిందో లెక్కగట్టేది.

స్కానింగుకు వెళ్లే రోజు ఆయన గడ్డం గీసుకునేవాడు. మా పెళ్లిరోజున కూడా బతిమాలితే తప్ప గీసుకోని మనిషి!

“మేడం చెప్పింది, నా కుడి కిడ్నీ ఎడమదానికన్న మంచిగ పనిచేస్తుందంట,” అన్నాడోసారి గదిలోంచి.

“ఇరవై ఏండ్ల సంది వండిపెడుతున్న. నీ కిడ్నీల సంగతి నాకు ఇంకొకరు చెప్పాల్నా?”

“నీకేం తెలుస్తది? అది లెక్క.”

ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయి కాదు.

మూడో విడత అయ్యాక ఆమె నాకు ఫోన్ చేసి రమ్మంది. అప్పటికి ఒకరిని లోపలికి రానిస్తున్నారు. బడి తెరిచినప్పుడు కట్టుకుందామని దాచిన చీర తీసి కట్టుకుని వెళ్లాను. మాస్కు పైన ఆమె కళ్లు మాత్రమే కనిపించాయి. అవి అంత బాగుండటం నాకు నచ్చలేదు.

ఆమె కంప్యూటర్ తెర నావైపు తిప్పింది. ఆయన లోపలి ఒళ్లు. కాలేయంలో నల్లటి చుక్కలు, కింద రెండు కిడ్నీలు. ఇన్నేళ్లు పక్కన పడుకున్నా నేనెన్నడూ చూడని మనిషిని ఈ పిల్ల ఎన్నిసార్లు చూసిందో!

“గడ్డలు తగ్గుతున్నయ్ అక్కా. కానీ కిడ్నీల నుంచి మందు తొందరగ పోతలేదు. అందుకే అనుకున్నదానికన్న ఎక్కువ తగిలింది. నాలుగోసారి తగ్గించి ఇద్దామని డాక్టర్‌కు చెప్పిన.”

“తగ్గిస్తే గడ్డలు మళ్ల పెరుగయా?”

“పెరగవని మాటియ్యలేను. కిడ్నీలు పాడైతే మాత్రం బాగుచెయ్యలేం.” తెర మళ్లీ తనవైపు తిప్పుకుంటూ, “సార్‌ను జర ధైర్యంగ ఉండమనండి. భయమైతుంది, నిద్ర పడ్తలేదు అంటున్నరు గదా,” అంది.

నాతో ఆయన ఒక్కనాడూ ఆ మాట అనలేదు. తలూపి బయటికొచ్చాను. ఆటోలో డిండోలి దాకా పళ్లు బిగబట్టుకునే ఉన్నాను.

ఇంటికి రాగానే గడప దగ్గర నిలబడి అడిగాను. “భయమైతుందని ఆమెకు చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?”

ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు.

“ఆమెకు చెప్తే లెక్కేస్తది. నీకు చెప్తే ఏడుస్తవ్.”

“ఏడుస్త. అయితేంది? నాకే చెప్పు.”

చెప్పాడు. నేను ఏడ్చాను. ఆయన గదిలో, నేను గడపకు ఇవతల.

నాలుగో విడత తగ్గించే ఇచ్చారు. గడ్డలు పోలేదుగానీ పెరగడం ఆగింది, కిడ్నీలు నిలబడ్డాయి. ఆ తర్వాత ఆమె వేరే ఊరి ఆస్పత్రికి మారిపోయింది. ఆమె లేదని ఆయన రెండు రోజులు దిగాలుగా తిరిగాడు. నేను ఓదార్చలేదు.

రిపోర్టు బాగా వచ్చిన ఆదివారం డుమస్ బీచికి వెళ్లాం. మన బజ్జీల్లాంటి వేడి భజియాలు తింటూ, “మేడంకు ఫోన్ చేసి చెప్దామా?” అన్నాడు. నేనే నంబరు కలిపి ఆయన చేతికిచ్చాను. ఇచ్చి పక్కకు మాత్రం వెళ్లలేదు. మాట్లాడినంతసేపూ ఆయన చెవి దగ్గరే నా చెవి పెట్టి నిలబడ్డాను.