పిడికెడు వేరుశనక్కాయలు

పొద్దున మా వాచ్‌మన్ టిఫిన్ డబ్బా మూత తీశాడు. ఉడకబెట్టిన వేరుశనక్కాయల వాసన ముక్కుకు తగలగానే, ఈ సముద్రతీరపు ఆసుపత్రి నుంచి ఒక్క గెంతులో ఆరేడు జిల్లాలు దాటి గార్లదిన్నె పశువుల ఆసుపత్రి అరుగు మీద పడ్డాను. నా ముందు తొట్టిలో వలకు చిక్కి వచ్చిన పెద్ద తాబేలు ఉంది. నాలుగు రోజులుగా చేప మింగడం లేదు. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. నాతో పనిచేసే డాక్టర్ స్వప్న కడుపు కోసి చూద్దామంటోంది. అంత నీరసంలో మత్తిస్తే మళ్లీ కళ్లు తెరుస్తుందో లేదో. డబ్బాలోంచి పిడికెడు కాయలు తీసుకుని తొట్టి గట్టున కూర్చున్నాను.

ఇది ఖాదర్ సారు నేర్పిన వైద్యం. పట్టా చేతికొచ్చిన కొత్తలో గార్లదిన్నెలో ఆయన దగ్గర శిక్షణకు చేరాను. ఆయన ప్యాంటు కుడి జేబు ముప్పై ఏళ్లుగా ఆరలేదని ఊళ్లో చెప్పుకునేవారు. అందులో ఎప్పుడూ ఉడికిన కాయలే. ప్రాణం మీదికొస్తే తప్ప, పిడికెడు కాయలు అయ్యేదాకా ఏ పశువునూ ముట్టుకునేవారు కాదు. ఒలుస్తూ, నములుతూ, చూస్తూ ఉండేవారు. ఆయన నింపాదితనం ముందు తాబేలు ఎక్స్‌ప్రెస్ రైలు.

ఒకరోజు ఓబులమ్మ తన పాడి ఆవును తోలుకొచ్చింది. ఇల్లు గడిచేది దాని పాలతోనే. నోట్లోంచి చొంగ, మేత ముట్టడం లేదు. నేను ఐదేళ్ల చదువునూ ఒక్క సూదిలోకి ఎక్కించి సిద్ధమయ్యాను.

"గాలికుంటు రోగం సార్! సూది వేసేస్తా."

"ఏమప్పా, ఆవు యాడికన్నా బస్సుకు పోవల్లనా? కూర్సో. కాయలు తిను."

ఓబులమ్మకు ఒళ్లు మండింది. "నా ఆవు సస్తాంటే కాయలు తింటాండారా? అది కడుపా, గోతామా?"

"నువ్వూ తినమ్మా. తింటా దాన్ని సూడు."

చూశాం. ఆవు నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లింది. ఆత్రంగా తాగింది. తాగిన నీళ్లు ముక్కులోంచి బయటికొచ్చాయి. మళ్లీ వెళ్లింది.

"దానికి ఆకలుండాది, దప్పికుండాది. దిగేదానికి దావ ల్యా," అంటూ సారు లేచారు. ఆవు మెడ కింద నిమిరి, ఏదో గట్టిదాన్ని నెమ్మదిగా పైకి తోసి, నోట్లో చెయ్యి పెట్టి తీశారు. మామిడి టెంక!

ఓబులమ్మ దాన్ని నా ముఖం ముందు ఆడించింది. "ఇదేనా చిన్నసారూ, నీ గాలికుంటు?"

ఆ రోజు నుంచి కదిరి దాకా నేను టెంక డాక్టర్నే.

సముద్ర జంతువుల వైద్యానికి పోతానన్నప్పుడు జనం నవ్విన నవ్వుకు రాప్తాడులో పైకప్పులు ఎగిరాయి. కొళాయికే నీళ్లు రాని ఊరి నుంచి తిమింగలాలకు డాక్టరా! ఎన్నడూ సముద్రం చూడని ఖాదర్ సారు మాత్రం నవ్వలేదు.

"తాబేలంటే ఏముందప్పా, నెత్తిన రేకుల ఇల్లు కట్టుకున్న గొర్రె. పక్కన కూర్సో, అదే సెప్తాది. ఆడ నీకు ఉప్పు కొనే పని గూడా ల్యా. సముద్రం నీళ్లల్లోనే కాయలు ఉడకేసుకో."

తొట్టి గట్టున నా పిడికిట్లో ఇంకా మూడు కాయలున్నాయి. తాబేలు మేం వేసిన చేప దగ్గరికొచ్చింది. నోరు తెరిచింది. తటాలున మెడ ఎడమకు లాక్కుంది. మళ్లీ వచ్చింది, మళ్లీ ఎడమకే.

"స్వప్నా, దానికి ఆకలుంది. కడుపు వదిలెయ్, నోరు చూద్దాం."

నాలుక మొదట్లో, ఎడమ పక్కన, వెంట్రుకంత సన్నని వల దారం బిగిసిపోయి ఉంది. ఎక్స్‌రేకు అందని దారం. కత్తిరించాం. సాయంత్రానికి తాబేలు రెండు చేపలు మింగింది.

సారు పోయి ఏడేళ్లయింది. ఇక్కడికొచ్చిన మొదటి వారమే ఆయన మాట మీద సముద్రపు నీళ్లలో కాయలు ఉడకబెట్టాను. చేదు విషం, వీధికుక్క వాసన చూసి నన్ను జాలిగా చూసింది. నాకు తెలిసి ఆయన తప్పు చెప్పింది అదొక్కటే. పాపం, సముద్రం పక్కన కూర్చుని చూసే అవకాశం ఆయనకు దొరకలేదు.