అంచులో పద్నాలుగు రోజుల నిద్ర

మా అమ్మాయికి పదమూడో ఏడు వచ్చాక మేము తీయించుకున్న ఫొటోలు పదకొండు. పదకొండింటిలోనూ ఆమె కళ్ళు మూసుకునే ఉంది. పెళ్ళి ఫొటోలో మా ఆడపడుచు భుజం మీద వాలి, బడి ఫొటోలో రెండో వరుసలో నిటారుగా, జాతర ఫొటోలో చేతిలో ఐస్‌క్రీం కరుగుతుండగా.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. గద్వాలలో చీర అంచులకు గళ్ళ కాగితం మీద డిజైన్లు గీయడం నా పని. ఎవరూ నేర్పలేదు, తప్పులు చేసి లెక్క నేర్చుకున్నాను. మా అన్న ఆ కాగితం చూసి అట్టలకు రంధ్రాలు కొడతాడు. మా ఆయన ఆ అట్టలను మగ్గం మీది జకార్డు యంత్రానికి ఎక్కించి నేస్తాడు. నేను ఎర్ర సిరాతో నింపిన గడి దగ్గర చీరలో జరీ కనబడుతుంది, ఖాళీ గడి దగ్గర కనబడదు. గీయడం పూర్తయిన కాగితాన్ని గుమ్మం పక్క మేకుకు తగిలిస్తాను. మేకు మీద ఉందంటే పని అయిపోయినట్టు. అన్న వస్తాడు, అడగకుండా తీసుకుపోతాడు. ఇరవై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

అమ్మాయి అన్నం తింటూ నిద్రపోయేది, రాస్తూ నిద్రపోయేది. రాత్రంతా ఫోన్ చూస్తుందేమోనని బడిలో అన్నారు. పైగా ఇంకో వింత. మా అన్న హాస్యమాడి, ఆమె గట్టిగా నవ్విందంటే మోకాళ్ళు మడతపడేవి. తెలివిలోనే ఉండేది, మేము మాట్లాడేదంతా వినేది, ఒళ్ళు మాత్రం కాసేపు లేచేది కాదు. చివరికి హైదరాబాద్ దవాఖానలో ఒక డాక్టరమ్మ పరీక్షలు చేసి, దీని పేరు నార్కోలెప్సీ అని చెప్పింది. ఇది సోమరితనం కాదు, జబ్బు అంది. నవ్వితే పడిపోవడం కూడా అందులో భాగమేనట.

"అంటె నేను ఇంగ నోరు మూస్కోవాల్నా డాక్టరమ్మా?" అన్నాడు అన్న.

"మూస్కో మామా, నీ జోకులకు పడుడు నాకు గూడ ఇజ్జత్ తక్కువ," అంది అమ్మాయి.

మందు మొదలుపెట్టే ముందు డాక్టరమ్మ ఒక సంగతి అడిగింది. ఈ జబ్బున్న ఈ వయసు పిల్లల మెదడు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఏం చేస్తుందో వాళ్ళు చూస్తున్నారట. ఏ పనీ లేనప్పుడు కూడా మెదడు ఊరికే ఉండదట. దాని భాగాలు తమలో తాము సంకేతాలు పంపుకుంటూనే ఉంటాయట. ఈ పిల్లల్లో అది ఎలా జరుగుతుందో ఇంకా పూర్తిగా తెలియదు. దీనివల్ల మీ అమ్మాయికి నయమవుతుందని చెప్పను, ఇష్టం లేకపోతే వద్దనండి అంది. నేను ఆలోచించేలోపే అమ్మాయి ఒప్పేసుకుంది.

"నేను మెలకువగ ఉన్నప్పటి ఫొటో ఒక్కటన్న ఉండాలె అమ్మా. లోపలిదైతే ఏంది, బయటిదైతే ఏంది?"

ఆ పరీక్ష ఇలా ఉంటుంది. ఎప్పుడూ నిద్ర వచ్చే పిల్లను గొట్టం లాంటి యంత్రంలో వెల్లకిలా పడుకోబెడతారు. చలి అని దుప్పటి కప్పుతారు. దీపాలు తగ్గిస్తారు. ఏమీ చేయకు, కదలకు, కళ్ళు తెరిచి ఎదురుగా కనబడే గుర్తునే చూడు, నిద్ర మాత్రం పోకు అంటారు. పది నిమిషాలు.

మొదటిసారి మూడు నిమిషాలకే నిద్రపోయింది. లేపారు. మళ్ళీ నిద్రపోయింది. బయటికొచ్చి నా ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది, ఏడుస్తూ నిద్రపోయింది.

"ఎక్కాలు చదువుకుంట పండుకోమంటనమ్మా. పదమూడో ఎక్కం చదివితె ఎవరికీ నిద్ర రాదు," అన్నాను.

"లెక్కలు వద్దమ్మా, అది పని కిందికొస్తుంది. మాకు ఖాళీగా ఉన్న మెదడు కావాలి," అంది డాక్టరమ్మ. ఇంకొక్కసారే వీలవుతుందని చెప్పింది. పద్నాలుగు రోజులు ఆమె ఎప్పుడెప్పుడు నిద్రపోయిందో రాసుకొని తెమ్మంది. ఎక్కువ మెలకువగా ఉండే గంట చూసి ఆ గంటలోనే పరీక్ష పెడతానంది.

రాయడం కంటే గీయడం నాకు సులువు. గళ్ళ కాగితం తీశాను. రోజుకు ఒక నిలువు పట్టీ, పట్టీకి ఏడు గళ్ళ వెడల్పు, పక్కన ఒక గడి ఖాళీ. పై నుంచి కిందికి తొంభై ఆరు వరుసలు, వరుసకు పావుగంట. నిద్రపోతే ఎరుపు. బడిలో ఉన్నప్పటి లెక్క పక్కన కూర్చునే పిల్ల చెప్పేది. పద్నాలుగో రోజు పూర్తయింది. పూర్తయిన కాగితాన్ని నా చెయ్యి ఎక్కడ పెడుతుందో అక్కడే పెట్టింది. మేకుకు తగిలించి, దుకాణంలో చీరలు ఇచ్చి రావడానికి వనపర్తి బస్సెక్కాను.

తిరిగొచ్చేసరికి మేకు ఖాళీ. అమ్మాయి సంచిలో పెట్టుకుందనుకున్నాను. నేను దాచానని అమ్మాయి అనుకుంది. నాలుగు రోజుల తర్వాత మగ్గం దగ్గరికి టీ తీసుకెళితే మా ఆయన అన్నాడు:

"ఏమే, ఈపారి అంచు కొత్తగుంది. ఎక్కడ చూసి గీసినవ్?"

వంగి చూశాను. "ఆగు! గిది మంగళవారం!"

"ఏంది మంగళవారం?"

"గీ నాలుగో పట్టీ. పగటీలి అన్నం తినుకుంట పండింది గద, గదే ఈ జరీ ముక్క!"

అన్నను పిలిపించాం. అతనికి కోపమే వచ్చింది.

"మేకుకుంటె అయిపోయినట్టే గద చెల్లె! పట్టీకి ఎనిమిది గళ్ళు, పద్నాలుగు పట్టీలు, నూట పన్నెండు. గడికో కొక్కెం లెక్కన నూట ఇరవై కొక్కేల జకార్డుకు సరిపాయె, మిగిలిన ఎనిమిది ఒడ్డుకు వదిలిన. బిడ్డ నిద్రని నాకెట్ల తెలుస్తది?"

"కాయితం ఏది?"

"పట్టీలు పట్టీలు కత్తిరిస్తెనే గద నాకు కండ్లు జారకుంట ఉంటయి. కొట్టుడైనంక నీళ్ళ పొయిల ఏసిన." అంచు మీద వేలు పెట్టి, "ఒక్కటి మాత్రం నేనే సరిజేసిన. నడుమ ఒక్క జాగ అడ్డంగ బోడిగుండె. రుద్రాక్ష చుక్కలేసిన. మంచిగ లేదా?"

మళ్ళీ గీయడానికి రోజులు చాలవు. ఫోన్‌లో ఫొటో తీస్తే జరీ మెరుపుకు గళ్ళు కనబడలేదు. చూసి ఎత్తి రాద్దామంటే, నకలుకు నకలు నేను నమ్మను. మా ఆయన చీర పూర్తిచేశాడు. అది మడతపెట్టి హైదరాబాద్ తీసుకెళ్ళాం.

డాక్టరమ్మ మడత విప్పి చూసింది. "ఇది చీర కదమ్మా?"

"అవునమ్మా. డైరీ గూడ గిదే."

"ఎక్కడి నుంచి చదవాలి?"

"యాడికెల్లి చదివినా ఒకటే. ఆరంగుళాలకు పద్నాలుగు రోజులు అయిపోతయి, మళ్ళ మొదటికెల్లి వస్తయి." ఆరు గజాలకు ముప్పై ఆరు సార్లు. ఆ లెక్కన మా అమ్మాయి ఆ చీరలో ఐదువందల నాలుగు రోజులు నిద్రపోయింది.

ఆమె స్కేలు తెప్పించింది. రాత్రి వరుసల్లో జరీ మధ్యమధ్య తెగిన చోట్లు చూసి, ఈ జబ్బులో రాత్రి నిద్ర కూడా ఇలాగే తెగుతుందని చెప్పింది. ఒకచోట వేలు ఆపింది. "రోజూ ఒకే వేళకు ఇలా చుక్కలు చుక్కలుగా నిద్రపోతుందా?"

"అవి నిద్ర కాదమ్మా, రుద్రాక్షలు. జాగ బోడిగుందని మా అన్న ఏసిండు."

"అంటే ఆ జాగాలో అసలు నిద్రే లేదా?"

అంచును చేతిలోకి తీసుకుని వరుసలు లెక్కపెట్టాను. నలభై ఒకటి నుంచి నలభై నాలుగు. పద్నాలుగు రోజుల్లో ఒక్క రోజు కూడా నిద్ర పడని గంట అదొక్కటే. బడిలో మొదటి పీరియడ్ నిద్ర అయ్యాక, పొద్దున పది నుంచి పదకొండు.

మర్నాడు పదీ పదికి అమ్మాయిని లోపలికి తీసుకెళ్ళారు. ఖాళీగా ఉండటమంటే ఏమిటో చూద్దామని బయట నేనూ కూర్చున్నాను. రెండు నిమిషాలు గడవకముందే నేల మీది బండలు లెక్కపెట్టేశాను. అడ్డం ఎనిమిది, నిలువు పదకొండు, ఎనభై ఎనిమిది. ఆ పరీక్ష నాకు పెట్టి ఉంటే తప్పేదాన్ని.

తలుపు తెరుచుకుంది. "అమ్మా, పండలే!"

యంత్రంలో కళ్ళు మూతపడుతున్నాయేమో చూసే చిన్న కెమెరాలోని బొమ్మను అమ్మాయి అడిగి అచ్చు వేయించుకుంది. బూడిద రంగులో రెండు కళ్ళు, గుడ్లగూబ కళ్ళలా విప్పార్చుకుని. మెదడు బొమ్మల్లో ఏముందని నేను అడిగాను. ఒక్కరిది చూసి ఏమీ చెప్పలేం, చాలామంది పిల్లలవి కలిపి చూడాలి అంది డాక్టరమ్మ. నాకు ఆ జవాబు నచ్చింది. ఒక్క గడి చూసి అంచు ఎలా ఉంటుందో నేనూ చెప్పలేను.

ఆ కళ్ళు మా పన్నెండో ఫొటో. దానికోసం వేరే గోడకు వేరే మేకు కొట్టాను.

చీర వనపర్తి దుకాణానికి వెళ్ళింది. అలాంటివే ఇంకో నాలుగు కావాలన్నారు. అప్పటికి అమ్మాయి మందులు మొదలుపెట్టి రెండు వారాలైంది, ఆ రెండు వారాల కాగితం బల్ల మీద ఉంది. అన్న దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని పెదవి విరిచాడు.

"పగటిపూట జరీయే లేదేంది చెల్లె? అంత బోడిగైంది. దీన్నిండ ఎన్ని రుద్రాక్షలని ఎయ్యాలె?"

అమ్మాయి పకపకా నవ్వింది. మోకాళ్ళు వదిలాయి. అలవాటు ప్రకారం నేనొక చెయ్యి, మా ఆయన ఒక చెయ్యి పట్టుకుని మెల్లగా చాప మీద దించాం. అన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకు తిరిగి నిల్చున్నాడు. అమ్మాయి రెప్పలు బరువుగా వాలుతున్నాయి, ఆ సందులోంచి మామనే చూస్తోంది. మాట రాగానే ముందు అన్నదిదే:

"అమ్మా, గిది నిద్రల రాయకు. నేను మెలకువగనే ఉన్న."

ఆ గడి ఖాళీగానే ఉంచాను.