తెర వెనుక నవ్విన వాళ్లం

మొన్న ఒక ఉదయం దినపత్రిక మడత విప్పితే అందులోంచి పల్చటి గులాబీ రంగు కాగితం జారి కాళ్ల మీద పడింది. మామూలుగా అలాంటివి నేను చదవను. పళ్ల డాక్టర్ల గురించీ, చీరల తగ్గింపు ధరల గురించీ ఈ వయసులో నాకు కొత్తగా తెలియవలసింది ఏమీ లేదు. కానీ ఆ కాగితం మీద మసకగా ఒక బొమ్మ అచ్చు వేశారు. భుజాన తువ్వాలు వేసుకుని, చేతిలో సబ్బుపెట్టె పట్టుకుని, మూసి ఉన్న తలుపు ముందు నిలబడిన ఒక తెల్లాయన. నా సొంత మేనమామల ముఖాలు మరిచిపోయాను గాని ఆ ముఖం మరిచిపోలేదు.

నిజామాబాదులో సినిమాల గురించి లోతుగా ఆలోచించే పెద్దమనుషులు కొందరు చేరి ఒక సంఘం పెట్టుకున్నారట. మరుగున పడిన పాత హాలీవుడ్ సినిమాలను నెలకొకటి వెలికి తీస్తారట. ఆ ఆదివారం సాయంత్రం చూపించేది ఈ తువ్వాలు మనిషి సినిమా. దాని పేరు ఇక్కడ రాయను. రాసినా మీలో ఎవరూ విని ఉండరు. గొప్ప సినిమాల గురించి పుస్తకాలు రాసే మేధావులు, తెర మీద నలుగురు చచ్చి, ఇద్దరు ఏడ్చి, ఒకరు కిటికీలోంచి వాన చూస్తే తప్ప దాన్ని కళ అనరు కాబట్టి, కడుపుబ్బ నవ్వించిన ఈ సినిమాకు వాళ్ల పుస్తకాల్లో ఒక్క వాక్యం కూడా దక్కలేదు.

మోకాళ్ల నొప్పులతోనే ఆటో ఎక్కి వెళ్లాను. ముందు వరుస కుర్చీలకు అతిథులకని కాగితాలు అంటించి ఉన్నాయి. సంఘం అధ్యక్షుడు లేచి, తెల్లగడ్డం సవరించుకుంటూ, ఈ సినిమాను చిన్నప్పుడు బోధన్ అవతల ఒక చక్కెర మిల్లులో చూశాననీ, ఆ మిల్లుకు తన తండ్రే మేనేజరనీ, ఆయన ఉదార హృదయంతో అధికారులనూ కూలీలనూ ఒక్కచోట కూర్చోబెట్టి అందరూ కలిసి నవ్వుకునేలా చేశారనీ మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే లేవబోయాను గాని సినిమా ఆగిపోతుందేమోనని కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆ సినిమా చివరి భాగం నేను ఇంతవరకు చూడలేదు. చూడనివ్వనిది ఆయనగారి ఉదార హృదయం గల తండ్రే.

బోధన్ అనగానే మీకు గుర్తొచ్చే పెద్ద ఫ్యాక్టరీ కాదు మాది. దాని అవతల ఎవరికీ గుర్తులేని ఒక చిన్న మిల్లు. మా బాపు అక్కడ చెరుకు రసం మరిగించే చోట పని చేసేవాడు. లైను క్వార్టర్లలో ఉండేవాళ్లం. పొడుగ్గా ఒకే కప్పు కింద వరుసగా ఇళ్లు, చివరన అందరికీ కలిపి ఒక నల్లా, రెండు స్నానాల గదులు. పొద్దున షిఫ్టుకు సైరను మోగేలోపు వరుసలో ఉన్న మగవాళ్లంతా స్నానాలు ముగించాలి. ఆ వరుసలో నిలబడి ఎదిగిన వాళ్లకు తప్ప ఆ సినిమా ఎవరికీ పూర్తిగా అర్థం కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను.

చలికాలం శనివారాల్లో మిల్లు అధికారుల క్లబ్బు ముందు పచ్చికలో రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టి ఇంగ్లీషు బొమ్మ వేసేవాళ్లు. తెరకు ముందు పేము కుర్చీల్లో అధికారులు, వాళ్ల భార్యలు, స్వెట్టర్లు తొడుక్కున్న పిల్లలు. తెరకు వెనక చక్కెర గోనె సంచులు పరుచుకుని మేము. అదే ఆయన చెప్పిన ‘ఒక్కచోట’. గుడ్డ పల్చనిది కనుక వెనక్కి కూడా బొమ్మ బాగానే పడేది, కాకపోతే తారుమారుగా. అక్షరాలు తిరగబడేవి, అది మాకు నష్టమేమీ కాదు, తిన్నగా ఉన్నా చదివేది లేదు. మనుషులంతా ఎడమచేత్తో తినేవాళ్లు, ఎడమచేత్తో కరచాలనం చేసేవాళ్లు. దొరల ఆచారమే అంత అని మా లైనంతా నమ్మింది. బోధన్ చర్చికి ఒకసారి విదేశీ పాస్టరుగారు వస్తే, మా అవ్వ, అంటే మా అమ్మ, ఎడమచెయ్యి చాపింది. ఆయన కంగారుపడి ఆ చెయ్యే పట్టుకుని ఊపాడు. దాంతో నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఇక ఆ సినిమా. ఒక గుమాస్తా, భార్య, పిల్లలు. చిన్న ఇల్లు, ఒకటే స్నానాల గది. రెండు రోజులు ఉండి పోతామని బావమరిది సంసారం దిగుతుంది. పోదు. వాళ్ల వెనక ఒక ముసలి అత్త, ఆమె వెనక వయొలిన్ వాయించే ఒక దూరపు చుట్టం. కథ ఇంతే. పొద్దున్నే ఆ గుమాస్తా తువ్వాలు వేసుకుని తన ఇంట్లో తన స్నానాల గది ముందే వరుసలో నిలబడతాడు. మొదట ఊరికే నిలబడతాడు. తరువాత పేపరు తెచ్చుకుంటాడు. తరువాత కుర్చీ, ఆ పైన కాఫీ. ఒకరోజు ఆఫీసు పెద్ద ఇంటికొస్తే ఆ తలుపు ముందే కుర్చీ వేసి మర్యాద చేస్తాడు; మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ పెద్ద కూడా వరుసలో కలిసిపోతాడు. ఎవరినీ తిట్టడు, గెంటడు. వాళ్లు పోతే బాగుండునని ముఖం అంటుంటే, చెయ్యి వాళ్లకు సబ్బు అందిస్తుంటుంది. ఆ ముఖానికీ ఆ చేతికీ మధ్య జరిగే పోరాటమే సినిమా. మహా నటులని ఊరేగిన వాళ్లు అరుపులూ కన్నీళ్లతో కూడా చేయలేనిది ఆయన ఒక తువ్వాలుతో చేశాడు.

మాకు ఆ ఇంగ్లీషు మాటలు అర్థమయ్యేవి కావు. ఆ లోటు మా పక్కింటి పెద్దమ్మ తీర్చేది. తెర మీద ఎవరు నోరు తెరిచినా ఆమె గొంతే వినపడేది. గుమాస్తా తలుపు మీద మెల్లగా తట్టగానే, “ఏంది బామ్మర్ది, తానం జేస్తున్నవా, ఈత కొడ్తున్నవా?” అంది. లోపలి నుంచి ఏదో జవాబు వచ్చింది. “ఆగు బావా, గిప్పుడే సబ్బు వెట్టుకున్న, నిన్నటి సంది పెయ్యి ఇంక తడవలే,” అంది. మా బాపు పగలబడి నవ్వాడు. షిఫ్టు నుంచి వచ్చి అన్నం తిని గోడవైపు తిరిగి పడుకునే మా బాపు అలా నవ్వగలడని మా అవ్వకు కూడా తెలియదు. బాపును చూసి లైనంతా నవ్వింది. గోనె సంచుల మీద పడి దొర్లాం.

తెర అవతల మాత్రం చీమ చిటుక్కుమనలేదు. ఎందుకో తరువాత తెలిసింది. ఆ రోజు హైదరాబాదు నుంచి మిల్లు డైరెక్టరు అతిథిగా వచ్చాడు. పెద్దాయన నవ్వితేనే మిగతావాళ్లు నవ్వాలన్నది అక్కడి పద్ధతి; మేనేజరు ఆయన ముఖం చూస్తూ, ఇంజనీర్లు మేనేజరు ముఖం చూస్తూ, భార్యలు భర్తల ముఖాలు చూస్తూ కూర్చున్నారట. ఆయన నవ్వలేదు. ఇళ్లలో మనిషికొక స్నానాల గది ఉన్నవాళ్లకు అందులో నవ్వడానికి ఏముంది? ముందువైపు నిశ్శబ్దంగా ఉండి వెనకవైపు నవ్వు వినిపిస్తుంటే, మేము నవ్వేది బొమ్మను చూసి కాదు, తమను చూసి అని వాళ్లు తీర్మానించుకున్నారు. గుడ్డలోంచి మాకు వాళ్లు కనపడనే కనపడరన్న సంగతి అంత చదువుకున్న ఒక్క బుర్రకూ తట్టలేదు.

యంత్రం ఆగింది. క్లబ్బు జవాను టార్చి వేసుకుని వచ్చి, ఎవరు గట్ల నవ్వేదని సార్ అడుగుతున్నాడని అన్నాడు. మా బాపు దాచుకోలేదు. “మేమే నవ్వినం. బొమ్మ నవ్వేటట్టే ఉన్నది గద,” అన్నాడు. మమ్మల్ని లేపి లైనుకు తోలేశారు. మేము సగం దారిలో ఉండగా వెనక యంత్రం మళ్లీ తిరిగిన చప్పుడు వినిపించింది. మిగతాది వాళ్లు చూసుకున్నారు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి రాగానే మేనేజరు బంగళాకు రమ్మని కబురు వచ్చింది. నవ్విన వాళ్లలో ఆ పిల్ల కూడా ఉందన్నారని నన్ను కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు బాపు. అప్పుడు నేను పదో తరగతి. వరండా మెట్ల మీద మేనేజరు కొడుకు బిస్కెట్లు తింటున్నాడు. మేనేజరు పేపరులోంచి తల ఎత్తలేదు. బాపు చెప్పులు కింద విడిచి, చేతులు కట్టుకుని, “తప్పయింది సార్, ఇంకోసారి నవ్వం,” అన్నాడు. పేపరు పేజీ తిరిగింది. కాసేపటికి లోపలి నుంచి మేనేజరు భార్య, సరే పొమ్మను అంది. అంతే. తిట్టి ఉంటే ఇంత కాలం గుర్తుండేది కాదేమో.

ఆ పై శనివారం నుంచి తెరను గుంజలకు కట్టడం మానేసి క్లబ్బు గోడకు కొట్టారు. గోడకు వెనక వైపు చూడటానికి ఏమీ ఉండదు. మా బాపు ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. పెద్దమ్మ మాత్రం చాలా రోజులు నల్లా దగ్గర, ఆ బామ్మర్ది పోయిండో ఇంక ఆన్నే ఉన్నడో అని అడుగుతూ ఉండేది. ఎవరి దగ్గరా జవాబు లేదు. తెలిసిన వాళ్లు ఉండేది బంగళాల్లో. వాళ్లను అడిగే మొహం మాకు లేదు.

అందుకే మొన్న చివరిదాకా కూర్చున్నాను. జవాబు ఇది: పోతారు. ఒక పొద్దున అందరూ మూటలు సర్దుకుని బండెక్కి పోతారు. మర్నాడు గుమాస్తా తువ్వాలు వేసుకుని వస్తాడు. స్నానాల గది తలుపు బార్లా తెరిచి ఉంటుంది. లోపల ఎవరూ లేరు. ఆయన కాసేపు గుమ్మం బయటే నిలబడతాడు. ఒకసారి వెనక్కి చూస్తాడు. తరువాత మెల్లగా లోపలికి పోయి తలుపు వేసుకుంటాడు. ఒక్క మాట లేదు, సంగీతం లేదు. ఈ ఒక్క దృశ్యం తీసినవాడిని ప్రపంచం మరిచిపోయిందంటే ఆ ప్రపంచం తెలివి అంతే. హాల్లో దీపాలు వెలిగాయి. అతిథులు ఫోన్లు చూసుకుంటున్నారు.

అభిప్రాయాలు చెప్పమన్నారు. ఒకాయన లేచి ఛాయాగ్రహణం అన్నాడు, ఇంకొకాయన మధ్యతరగతి సంక్షోభం అన్నాడు. నేను లేచాను. “మేం మీతోని కూసోలే సారూ. తెర ఎనుక కూసున్నం. నవ్వినమని లేపి పంపిండ్రు,” అని మొదలుపెట్టి జరిగినదంతా చెప్పాను. అధ్యక్షుడి ముఖం చిన్నబోయింది. తనకు అలా గుర్తు లేదని, అప్పుడు తాను మరీ చిన్నవాణ్నని, పాత సంగతులు ఇప్పుడెందుకమ్మా అని నసిగాడు. నేను కూర్చోలేదు.

“మా బాపు మీ వరండాల నిలవడి మాఫీ అడిగిండు. ఆ మాఫీ నాకు వాపస్ గావాలె.”

మాఫీ వాపస్ ఇవ్వడమేమిటని వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అధ్యక్షుడు మాత్రం నవ్వలేదు. నేను ఏం చెప్పాలనుకుంటున్నారమ్మా అని అడిగాడు.

“నవ్వుడు తప్పు గాదని చెప్పుండ్రి. గంతే.”

ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకున్నాడు. “తప్పు కాదమ్మా. మీ నాన్నగారు తప్పేమీ చేయలేదు,” అన్నాడు. మైకు ఆపలేదు కాబట్టి హాలంతా వినిపించింది. ఆ వెంటనే కార్యదర్శి టీ సిద్ధంగా ఉందని ప్రకటించాడు. అందరూ లేచారు. నేను టీ తాగలేదు. ఆయనను క్షమించాననుకోకండి, గడ్డం నెరిసేదాకా ఒక అబద్ధాన్ని అంత ముద్దుగా చెప్పుకుంటూ తిరిగిన మనిషిని క్షమించేటంత ఉదార హృదయం నాకు లేదు.

ఆటోలో వస్తూ అనుకున్నాను. ఒకప్పుడైతే ఈ కబురు మా లైనులో పొద్దున మొదటి బిందె నిండేలోపు చివరి ఇంటిదాకా చేరేది. పెద్దమ్మ దానికి నాలుగు మాటలు కలిపి, అధ్యక్షుడి గొంతూ నా గొంతూ తానే పలికి, వరుసలో ఉన్న వాళ్లను సైరను దాకా నవ్వించేది. ఇప్పుడా లైను లేదు, మిల్లు ఇనుమంతా ముక్కలు చేసి లారీల్లో తోలుకుపోయారు. బాపు, అవ్వ, పెద్దమ్మ అంతా వెళ్లిపోయారు. మా అపార్టుమెంటులో ఇంటికి మూడు స్నానాల గదులు. పక్కింటి వాళ్ల పేరు తలుపు మీద బోర్డు చూసి తెలుసుకున్నాను. వాళ్లు కూడా సినిమాలు చూస్తారు, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఎవరికి వారు. నవ్వుతారో లేదో తెలియదు.

ఇంటి తాళం తీసి లోపలికి వెళ్లి, దీపం వేసి, కుర్చీలో కూర్చున్నాను. ఇన్నేళ్లకు పట్టుబట్టి సాధించుకొచ్చిన మాట. చెప్పడానికి నోటి దాకా వచ్చింది. “బాపూ, తప్పు గాదట,” అని ఒకసారి పైకే అన్నాను.