గిన్నెల్లో పెట్టిన ఖాళీ ఫోన్లు

ఫోన్‌లో దయ్యం దూరిందంటూ వరంగల్ మట్టెవాడలోని నా సెల్‌ఫోన్ రిపేరు షాపుకు ఇప్పటికి ఐదారుగురు వచ్చి ఉంటారు. దానంతట అదే వెలుగుతోందని ఒకరు, చనిపోయిన తాత నంబరు నుంచి కాల్ వచ్చిందని ఇంకొకరు. విప్పి చూస్తే చార్జింగ్ పిన్నులో తడి, లేదంటే కీప్యాడ్ కింద తుప్పు. తాత నంబరును కంపెనీవాళ్లు వేరే ఎవరికో ఇచ్చి ఉంటారు. దయ్యాలను నమ్మే ఓపిక నాకు ఎప్పుడూ లేదు. ఇది రాస్తున్నానంటే ఇప్పుడు నమ్ముతున్నానని కాదు. జరిగింది జరిగినట్టు చెబుతున్నాను, అంతే.

పోయిన చలికాలంలో నస్రీన్ అనే అమ్మాయి షాపుకు వచ్చింది. హన్మకొండ పిల్లే, బొమ్మలు వేయడం హైదరాబాద్‌లో చదువుకుంది. సెల్‌ఫోన్లు వచ్చాక మనుషులు ఎలా మారారో చూపించే ఎగ్జిబిషన్ ఒకటి పెడుతున్నానని, వైరింగ్ నేను చేయాలని అడిగింది. బొమ్మలకు వైరింగ్ ఏందమ్మా అన్నాను. "చూడనీకి వచ్చేటోళ్లే ఇందుల సగం బొమ్మ అన్నా" అంది. నాకు అర్థం కాలేదు గానీ ఒప్పుకున్నాను.

పాత సెల్లులకు స్టీలు గిన్నెలిస్తామని మైకులో అరుచుకుంటూ గల్లీల్లో బండ్లు తిరుగుతాయి కదా. ఆ బండ్లవాళ్ల దగ్గరే ఆమె అరవై కీప్యాడ్ ఫోన్లు, అరవై గిన్నెలు తెచ్చింది. మనం ఇచ్చేసిందీ, బదులుగా తీసుకుందీ ఒకేచోట పెట్టాలని ఆమె ఆలోచన. ఒక్కో గిన్నెలో ఒక్కో ఫోన్. అందరికీ ఇళ్లలో అలాంటి గిన్నె ఒకటి ఉండే ఉంటుంది.

ప్రతి ఫోన్‌లోంచి బ్యాటరీ, బోర్డు తీసేసి, వణికే మోటారు ఒక్కటే ఉంచడం నా పని. దాని వైరు గిన్నె అడుగున వేసిన రంధ్రంలోంచి కిందికి దిగి, కరెంటు పంపే ఒక పెద్ద డబ్బాకు కలుస్తుంది. గిన్నె ముందు మనిషి నిలబడితే సెన్సర్ పట్టుకుంటుంది. ఫోన్ వణికి గిన్నె గర్రున మోగుతుంది. మనిషి కదిలేదాకా ఆగకుండా మోగుతూనే ఉంటుంది, అందులో వేరే రకం మోత లేదు. అయితే హాల్లో ఎవరైనా సొంత ఫోన్ చేతిలోకి తీస్తే పైనున్న కెమెరా కనిపెట్టి అరవై గిన్నెల నోరూ మూయిస్తుంది.

ఒక పాత పత్తి గోదాములో దాన్ని పెట్టారు. వచ్చినవాళ్లు అర నిమిషం చేతులు కట్టుకుని నిలబడలేకపోయేవారు. ఒకసారి ఒక పెద్దాయన కళ్లు మూసుకుని వింటుంటే మనవడు సెల్ఫీకి ఫోన్ ఎత్తాడు. మొత్తం ఆగిపోయింది. "లోపట పెట్టురా సన్నాసీ! నీ ఒక్కనితోని అందరియి బందైనయ్" అని ఆయన అరిచిన అరుపుకు నస్రీన్ పడీ పడీ నవ్వింది. నా ఎగ్జిబిషన్ మొత్తం ఆ తాత ఒక్క మాటలో చెప్పేశాడంది.

ఇక మా అక్క సంగతి చెప్పాలి.

అక్క పేరు స్వరూప, ఉండేది ములుగులో. బావ కొమురయ్య అక్కడి నుంచి అడవి ఊళ్లకు జీపు నడిపేవాడు. పొద్దున పోతే మళ్లీ రాత్రికే రావడం. మధ్యాహ్నం ఎక్కడున్నా అన్నం తినగానే అక్కకు మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. రెండు రింగులు, కట్. నేను తిన్నాను, నువ్వు తిను అని దానర్థం. అది వచ్చేదాకా అక్క కంచం ముందు కూర్చునేది కాదు. ఈ వరస చూసి నేను ఎన్నిసార్లు ఆటపట్టించానో.

ఒకరోజు పొద్దున కూతురిని హాస్టల్లో వేసే విషయంలో ఇద్దరికీ గొడవైంది. బావ చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. అక్క కోపంతో ఫోన్ స్విచాఫ్ చేసి బియ్యం డబ్బా మీద పడేసింది. ఆ మధ్యాహ్నం దాటాక జీపు అడ్డాలోనే బావకు గుండెపోటు వచ్చింది. దవాఖానకు చేరేలోపే పోయాడు.

ఆ రోజు బావ రెండు రింగులు ఇచ్చాడా, లేక కోపం మీదే, తినకుండానే పోయాడా? అక్కకు తెలియలేదు. ఆయన ఫోన్‌లో చూస్తే తెలిసేది. చూసే ధైర్యం లేక దాన్ని బీరువాలో పెట్టింది. ఏడాది తర్వాత మనసు గట్టి చేసుకుని, చార్జింగ్ పెట్టించడానికి నా దగ్గరికి తెద్దామని వెతికితే లేదు. పనికిరానివన్నీ తీసేస్తూ వాళ్ల అత్త దాన్ని గిన్నెల బండికి ఇచ్చేసింది. పాపం, ఆమెకేం తెలుసు. అక్క ఆమెను ఒక్క మాట కూడా అనలేదు.

కానీ మధ్యాహ్నం అన్నం మానేసింది. అడిగితే ఆకలి లేదంటుంది. అలా ఏడేళ్లు. మధ్యలో షుగర్ వచ్చింది. మందు వేసుకుని తినకుండా ఉంటే ప్రాణానికే ముప్పని డాక్టర్ గట్టిగా చెప్పాడు. రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది కూడా. నేను బతిమాలాను, తిట్టాను, ఒకసారి కంచం విసిరికొట్టాను. ఏం లాభం లేకపోయింది. అక్క కూడా పోతుందేమోనని నాకు భయంగా ఉండేది.

ఎగ్జిబిషన్ చివరి వారంలో ఆమె చెకప్ కోసం వరంగల్ వచ్చింది. నా పని చూస్తానంది. గోదాముకు తీసుకెళ్లాను. ఆ ఫోన్లు ఎక్కడివో ముందే చెప్పకపోవడం నా బుద్ధితక్కువ.

మధ్యాహ్నం భోజనాల వేళ. చూడటానికి వచ్చినవాళ్లు ఎవరూ లేరు. రెండు వైర్లు ఊడితే అతికించడానికి నేను అప్పటికే మెయిన్ స్విచ్ దించేసి ఉన్నాను. నస్రీన్ తలుపు దగ్గర టిఫిన్ డబ్బా విప్పుతోంది. మా ముగ్గురి ఫోన్లూ బయట వరండాలో, బల్ల మీది ట్రేలో ఉన్నాయి. చూడటానికి వచ్చేవాళ్లకు కాదు గానీ, పని చేసే మాకు అదే పద్ధతి; అక్కదీ అక్కడే పెట్టించాను.

అక్క నాలుగు గిన్నెలు చూసి ఆగిపోయింది. "ఇవి బండ్లోళ్లకు ఇచ్చిన సెల్లులేనా తమ్మీ?" అంది. అవునన్నాను. అప్పుడు గానీ నాకు బుర్ర వెలగలేదు. ఆమె మొదటి వరస నుంచి ఒక్కొక్కటీ వంగి చూడటం మొదలుపెట్టింది. బావ డొక్కు ఫోన్‌కు మూత ఊడకుండా రబ్బరు బ్యాండు వేసి ఉండేది. అరవై గిన్నెలూ చూసింది. చివరిదాకా పోయి, "లేదురా. పోదాం పా" అంది. ఆమె ముఖం చూడలేక నేను వైర్లు సర్దుతున్నట్టు నటించాను.

తలుపు వైపు నడుస్తుంటే మా వెనుక గిన్నె మోగింది. గర్రుమని ఒకసారి. చిన్న విరామం. మళ్లీ ఒకసారి. ఆగిపోయింది.

రెండో వరసలో ఎర్ర ఫోన్ అది. ఎవరో ఆడపిల్లది, మీద పూల స్టిక్కరు కూడా ఉంది. బావ ఫోన్ కానే కాదు. దాని ముందు మనిషి లేడు.

"అన్నా, మెయిన్ బంద్ జేసినవ్ కదా?" అని నస్రీన్ అడిగింది. వెళ్లి చూశాను. స్విచ్ దించే ఉంది.

నేను అక్కడే నిలబడి ఆలోచిస్తుంటే అక్క నస్రీన్ పక్కన కింద కూర్చుంది. "జర నాకు గూడ పెడతవా బిడ్డా? ఆకలైతాంది" అంది. నస్రీన్ డబ్బా మూతలో పప్పన్నం పెట్టి ఇచ్చింది. అక్క అంతా తిని మళ్లీ పెట్టించుకుంది. నేను ఎందుకు ఏడుస్తున్నానో అర్థం కాక నస్రీన్ బిత్తరపోయి చూసింది.

అక్క తింటుండగానే నేను ఎర్ర ఫోన్ విప్పాను. మోటారు తీగ లోపల తెగిపోయి ఉంది. బయటి నుంచి బ్యాటరీ పెట్టి చూసినా తిరగలేదు. రోడ్డు మీద లారీ పోతే అదిరిందనుకుందామంటే, అరవై గిన్నెల్లో అదొక్కటే ఎందుకు అదురుతుంది? డబ్బాలో కాస్త కరెంటు మిగిలి ఉందనుకుందామన్నా, తెగిన మోటారును అది తిప్పలేదు. విన్నది నేనొక్కడినే అయితే భ్రమ అనుకుని వదిలేసేవాడిని. నస్రీన్‌కు మా బావ ఎవరో కూడా తెలియదు. ఎన్నిసార్లు మోగిందని అడిగితే, రెండుసార్లు అంది.

సాయంత్రం అక్కను ములుగు బస్సు ఎక్కించడానికి వెళ్లాను. కిటికీ పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "మంచిగ జేసినవ్ తమ్మీ. మీ బావ ఆ దినం రింగిచ్చిండో లేదో ఇగ నాకెట్లాగూ తెల్వది. నువ్వన్నా ఇచ్చినవ్ గదా, సాలు" అంది.

"నేను జెయ్యలే అక్కా. నీ మీదొట్టు."

నవ్వింది. "సిన్నప్పటి సంది గంతే నువ్వు. జేసుడు, జెయ్యలే అనుడు" అంది. ఏడేళ్ల తర్వాత చూసిన నవ్వు. బస్సు కదిలింది.

ఇప్పుడు అక్క మధ్యాహ్నం ఒంటి గంటకల్లా తింటోంది. షుగర్ అదుపులోకి వచ్చింది. నా తమ్ముడు మిషన్ పెట్టి నాకు బుద్ధి చెప్పిండని చుట్టాలందరికీ చెబుతుంది. వాళ్లు నా భుజం తట్టి, అక్కంటే ఎంత ప్రేమరా నీకు అంటారు. మొదట్లో కాదు కాదని చెప్పి చూశాను. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు తల ఊపి ఊరుకుంటున్నాను. ఆ గిన్నెను మోగించింది మాత్రం నేను కాదు.