ఒంటె వాత కోసం చీలికలోకి

కదాఫో మాట తూకం వేసినట్టుంటుందని దబ్బాహు కొండ కింద మందలు మేపుకునే అఫార్ జనం అనేవాళ్ళు. ఆ బీడులో ఇద్దరు ఎదురుపడితే ఎంత తొందరున్నా కూర్చుని దాగు, అంటే దారి కబుర్లు, చెప్పుకోవాలి. ఎక్కడ గడ్డి మొలిచింది, ఏ బావి ఎండింది, ఎవరు ఎవర్ని పొడిచారు, అన్నీ చూసింది చూసినట్టు. దాగులో అబద్ధం దొర్లితే ఎవరి మందో ఎండిన బావి వైపు నడిచి దాహంతో చస్తుంది. అలాంటివాడి పక్కన మళ్ళీ ఎవరూ కూర్చోరు. యాభై ఏళ్ళొచ్చినా కదాఫో దాగులో ఒక్క ముక్క ఎక్కువ చెప్పి ఎరగడు.

నాలుగేళ్ళ కింద అడిస్ అబాబా నుంచి నేల కొలిచేవాళ్ళు వచ్చారు. లోయకు రెండు పక్కలా బండల్లో ఇనుప మేకులు దిగ్గొట్టించారు. సుత్తి పట్టింది కదాఫోయే. అడుగున ఉన్న పెద్ద పెద్ద నేల పలకలు ఇక్కడే ఒకదాన్నొకటి విడిచి పోతున్నాయని, ఏడాదికి గోరు పెరిగినంత జరుగుతున్నాయని, లక్షల ఏళ్ళకు ఈ లోయలోకి సముద్రం వస్తుందని వాళ్ళు చెప్పారు. అతను ఆ మాటను కూడా దాగులో చెప్పాడు. జనం పడీపడీ నవ్వారు. మేనల్లుడి వరసయ్యే యయ్యో అయితే, "మామా, మరి ఒంటెలకు ఈత ఎవరు నేర్పుతారు?" అని అడిగాడు.

ఆ మేకులు కొట్టిన నాలుగేళ్ళకు, వానలు తగ్గిన నెలలో నేల అదరడం మొదలుపెట్టింది. పన్నెండు రోజులు నిలబడ్డవాణ్ణి నిలబడనివ్వలేదు. పదమూడో రోజు మధ్యాహ్నం కొండ పక్క పగిలి బూడిద లేచి పగలు చీకటైంది. కదాఫో నిలబడి చూస్తుండగానే నేల పచ్చితోలు చీలినట్టు చీలుకుంటూ వచ్చింది. ఏళ్ళ తరబడి సాగి సాగి, ఒక్క పూటలో తెగింది. సరిగ్గా ఆ దారిలోనే ఉన్న యయ్యో ఒంటెలు పదకొండు, మెడలు పైకి చాచి, కాళ్ళు తన్నుకుంటూ లోపలికి పోయాయి. వాటి అరుపులు ఆగకముందే అంచులు విరిగి వాటి మీద పడ్డాయి.

సంతకు పోయిన యయ్యో మూడోనాడు తిరిగొచ్చాడు. నేల మింగిందంటే నమ్మలేదు. కదాఫో వంశంవాళ్ళు మందను తోలేసి కథ కట్టారనుకున్నాడు. యయ్యో పెదనాన్న కొడుకు గాస్, మరో ముగ్గురు తుపాకులతో గుట్ట వెనక మాటు వేశారు. కదాఫో ఒక్కడు చస్తే సరిపోదని, పగ రెండు వంశాల మగవాళ్ళనూ మింగేదాకా ఆగదని అందరికీ తెలుసు. ముసుగు దొంగలెవరో వచ్చి ఒంటెల్ని తోలుకుపోయారని చెప్పేయమని కదాఫో అన్న బతిమాలాడు. చూడనిదాన్ని దాగులో పెట్టనని కదాఫో అన్నాడు.

యయ్యో ఒక్కడే వచ్చి కదాఫో జుట్టు పట్టి నేలకు వంచి, వంకర బాకు మెడకు ఆనించాడు.

"మా అమ్మ పుట్టింటోడివని అడుగుతున్నా. ఒంటెల్ని ఎవడికి తోలావ్?"

"నేల తీసుకుంది."

"నువ్వు మేకు కొట్టావు, నేల నోరు తెరిచింది. అంతేగా?"

"ఒరే, మేకుకే చీలిపోయే నేలైతే మీ నాన్న బావి తవ్విననాడే ముక్కలైపోయేది."

బాకు చర్మంలోకి దిగింది. నెత్తురు ఛాతీ దాకా కారింది. యయ్యో బాకు తీసేసి, మందలో ప్రతి ఒంటె తొడ మీదా తమ వంశం గుర్తుగా కాల్చిన వాత ఉంటుందని, చీలికలోకి దిగి అది కోసుకురమ్మని అన్నాడు. తేకపోతే పైకి రానక్కర్లేదన్నాడు.

బరువులు కట్టే తాళ్ళన్నీ ముడేశారు. ఒక కొస కదాఫో నడుముకు, రెండో కొస యయ్యో చేతుల్లో. చంపుతానన్నవాడి చేతులు తప్ప ఇంకే ఆసరా లేదు.

చీలిక లోపల గంధకపు ఆవిరి గొంతు కోసింది. చేతికి తగిలిన ప్రతి బండా కాలింది. అడుగున రాళ్ళ మధ్య ఉబ్బిన కళేబరాలు, వాటి మీద ఈగలు. వాటి పక్కనే నడుము విరిగిన ఆడ ఒంటె ఒకటి ఇంకా కళ్ళు ఆర్పుతోంది. కదాఫో బిస్మిల్లా అని దాని గొంతు కోశాడు. వేడి నెత్తురు మోచేతుల దాకా చిమ్మింది. తొడ మీది వాతను చుట్టూ కోసి, తోలు ఊడబెరికి పళ్ళ మధ్య కరుచుకున్నాడు.

తాడు లాగి సైగ చేశాడు. సగం ఎక్కాక నేల మళ్ళీ అదిరింది. పైనుంచి విరిగిన బండ మోకాలి మీద పడి ఎముక పటుక్కుమంది. అదే క్షణంలో తాడు వదులైంది. రాళ్ళను గీరుకుంటూ కిందికి జారాడు. తాడు మళ్ళీ బిగిసి నడుము కోసింది.

అంచు మీదికి లాగేసరికి యయ్యో అరచేతుల్లో చర్మం లేదు. గాస్ వాళ్ళు పరుగెత్తుకొచ్చి, తోలు ముక్క చూసి తుపాకులు దించారు. ఎంత తొందరున్నా రివాజు ప్రకారం కూర్చున్నారు. దాగు అడిగారు. యయ్యో వాత సంగతి, చీలిక సంగతి చెప్పాడు.

"నేల కదిలితే తాడు జారిందా?" అన్నాడు గాస్, అతని చేతులు చూస్తూ.

యయ్యో అరచేతులు తెరిచి చూపించాడు. "జారలేదు. వదిలాను. మామ చస్తే బాగుండుననుకున్నా. మళ్ళీ పట్టుకున్నా."

పక్కనే పడి ఉన్న కదాఫో అన్నాడు: "నాలుగు మూరలు పడ్డాను. అది కూడా చెప్పండి."

యయ్యో అతన్ని వీపు మీద మోసుకుని గుడిసెకు తెచ్చేలోపే కదాఫో భార్య మొమీనాకు ఆ దాగు మొత్తం చేరింది. ఆమె విరిగిన కాలు చూసింది, కట్టు కట్టే బద్దలు తెచ్చింది, మొగుడి పళ్ళ మధ్య తోలుపట్టీ పెట్టింది. యయ్యోను పిలిచి భుజాలు అదిమి పట్టమంది.

"ఈసారి వదలకు," అని కాలు లాగింది.